మాత్ర మారేటప్పుడే జాగ్రత్త ఎక్కువ

జైమీ లో అమెరికన్ జర్నలిస్టు. 1993లో, 16 ఏళ్ల వయసులో, లాస్ ఏంజెలెస్‌లో బైపోలార్ డిజార్డర్ అని తేలి లిథియం మొదలుపెట్టారు. మధ్యలో ఒకసారి ఆపి చూస్తే మేనియా తిరగబెట్టింది. మళ్లీ లిథియమే నిలబెట్టింది. సుమారు 20 ఏళ్లు వాడాక కిడ్నీలు దెబ్బతిన్నాయని పరీక్షల్లో బయటపడింది. బాగా పడ్డ మందును వదిలి డెపకోట్‌కు, అంటే వాల్‌ప్రోయేట్‌కు, మారాల్సి వచ్చింది. ఈ అనుభవాన్ని 2017లో ‘మెంటల్’ అనే పుస్తకంగా రాశారు.

బైపోలార్‌కు మందు వాడే ఎవరికైనా ఇలా మారే అవసరం రావచ్చు. కొందరికి కిడ్నీ, థైరాయిడ్ సమస్యలు, ఇంకొందరికి పెరిగే బరువు, మరికొందరికి పిల్లల్ని కనాలన్న ఆలోచన. అమెరికాలో మనవాళ్లు ఇలాంటి విషయం నలుగురిలో చెప్పుకోరు. అందుకే ఇండియా నుంచి ఫోనులో వచ్చే సలహాలూ, ఇంట్లో అనుకునే మాటలూ డాక్టరు మాట కంటే ముందు చెవిన పడతాయి.

అపోహ: కొత్త మందు రాసిచ్చారు కదా, పాతది ఈ రాత్రితో ఆపేయవచ్చు.

అన్నిటికంటే ప్రమాదకరమైన నమ్మకం ఇదే. 1993లో ఫైడా, తోండో, బాల్డెస్సరినీ తదితర పరిశోధకులు లిథియం ఆపేసినవారి మీద అధ్యయనం ప్రచురించారు. రెండు వారాల లోపే ఆపినవారిలో జబ్బు తిరగబెట్టడం ఎక్కువ. రెండు నుంచి నాలుగు వారాల మీద మెల్లగా తగ్గించినవారిలో తక్కువ. లిథియం ఉన్నట్టుండి ఆపితే ఆత్మహత్య ముప్పు కూడా పెరుగుతుందని తర్వాతి అధ్యయనాలు చూపాయి. అందుకే తొందర లేనప్పుడు డాక్టర్లు పాత మందును పూర్తిగా తీయకుండానే కొత్తది మొదలుపెడతారు. కొత్తది తగిన మోతాదుకు చేరాక పాతదాన్ని వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి తగ్గిస్తారు. కిడ్నీ బాగా దెబ్బతిన్నా, ఒంట్లో లిథియం విషస్థాయికి చేరినా వెంటనే ఆపక తప్పదు. అది డాక్టరు తేల్చాల్సిన విషయం.

అపోహ: కొత్తది పూర్తి డోసుతో మొదలుపెడితే ఈ మార్పు త్వరగా అయిపోతుంది.

బైపోలార్‌కు వాడే మరో మందు లామోట్రిజిన్ విషయంలో ఈ తొందర ప్రాణం మీదికి తెస్తుంది. మామూలుగా మొదటి రెండు వారాలు రోజుకు 25 మిల్లీగ్రాములు, తర్వాత రెండు వారాలు 50, ఐదో వారం 100, ఆరో వారం 200. వాల్‌ప్రోయేట్ కూడా వాడుతుంటే మొదటి రెండు వారాలు రోజు విడిచి రోజు 25 మాత్రమే, ఎందుకంటే వాల్‌ప్రోయేట్ ఒంట్లో లామోట్రిజిన్‌ను రెట్టింపు చేస్తుంది. కార్బమజెపైన్ అనే ఇంకో మందు వాడేవారికి లెక్క తిరగబడుతుంది, మోతాదు పెంచాలి. లామోట్రిజిన్ బ్రాండు అయిన లామిక్టల్ స్టార్టర్ ప్యాకులు మూడు రంగుల్లో ఉండటం ఇందుకే: వాల్‌ప్రోయేట్ వాడేవారికి నీలం, కార్బమజెపైన్ వంటివి వాడేవారికి ఆకుపచ్చ, ఈ రెండూ లేనివారికి నారింజ. ఫార్మసీ కౌంటరు దగ్గర ఆ రంగు ఒకసారి సరిచూసుకోండి.

ఇంకొక్క సంగతి తెలియాలి. లామోట్రిజిన్ ముఖ్యంగా డిప్రెషన్ తిరగబెట్టకుండా కాపాడుతుంది, ముంచుకొచ్చిన మేనియాను ఆపే మందు కాదు. పాత మందు తగ్గుతూ, ఇదింకా 50 దగ్గరే ఉన్న వారాల్లో రక్షణ పలచబడుతుంది. ఆ రోజుల్లో ఇంట్లోవాళ్లు నిద్ర మీద కన్నేసి ఉంచాలి. మూడు గంటలే పడుకుని కూడా హుషారుగా లేచి తిరుగుతున్నారంటే సంతోషించకండి, ఆ రోజే డాక్టరుకు ఫోను చేయండి.

అపోహ: ఒళ్లంతా దద్దుర్లు, నోటిపూత? వేడి చేసింది. మజ్జిగ తాగితే పోతుంది.

లామోట్రిజిన్ లేదా కార్బమజెపైన్ కొత్తగా మొదలుపెట్టినవారిలో ఈ మాటను నేను అస్సలు ఒప్పుకోను. అది స్టీవెన్స్ జాన్సన్ సిండ్రోమ్‌కు తొలి గుర్తు కావచ్చు. అరుదే, కానీ చర్మం ఊడిపోయి ప్రాణం తీయగలదు. జ్వరం, కళ్ల మంట, నోటిలో పుండ్లు దద్దుర్లతో కలిస్తే నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి. కార్బమజెపైన్‌కైతే జన్యువు లెక్క కూడా ఉంది. హెచ్‌ఎల్‌ఏ-బి 1502 అనే రకం ఉన్నవారిలో ఈ ముప్పు చాలా ఎక్కువ కాబట్టి, ఆసియా మూలాలున్నవారికి ముందే పరీక్ష చేయమని అమెరికా ఎఫ్‌డీఏ 2007లోనే చెప్పింది. భారతీయులతో సహా దక్షిణాసియా వారిలో అది సగటున 2 నుంచి 4 శాతం మందిలో ఉంటుంది. మన మూలాలు ఎక్కడివో డాక్టరుకు చెప్పి, ఈ పరీక్ష గురించి అడగండి.

లామోట్రిజిన్ వరసగా కొన్ని రోజులు తప్పిపోతే మళ్లీ పాత డోసుతో అందుకోకూడదు, మొదటి మెట్టు నుంచే ఎక్కాలి. ఇండియా ప్రయాణంలో మందుల డబ్బా చెక్‌ఇన్ లగేజీలో వేసి, అది తప్పిపోతే ఇదే చిక్కు. మందు చేతిసంచిలోనే పెట్టుకోండి. మారుతున్న నడుమ నిద్ర తారుమారయ్యే సుదీర్ఘ ప్రయాణం పెట్టుకోకపోతే ఇంకా మంచిది.

అపోహ: గర్భం వచ్చాక చూసుకుందాంలే.

అప్పటికి ఆలస్యమవుతుంది. శిశువు వెన్నుపాము లోపాలు మొదటి నెలలోనే, చాలామందికి గర్భం తెలియకముందే ఏర్పడతాయి. వాల్‌ప్రోయేట్ వాడిన తల్లుల పిల్లల్లో అవి 1 నుంచి 2 శాతం, మామూలుగా 0.06 నుంచి 0.07 శాతం. బిడ్డ తెలివితేటల మీదా ప్రభావం ఉంటుంది. కాబట్టి మార్పు గర్భానికి ముందే జరగాలి. గర్భం వచ్చేసిందని తెలిస్తే మాత్రం కంగారులో మాత్రలు విసిరేయకుండా అదే రోజు డాక్టరుతో మాట్లాడండి. ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు లామోట్రిజిన్‌ను సగానికి తగ్గిస్తాయని కూడా గుర్తుంచుకోండి.

అపోహ: పేరొకటే, మిల్లీగ్రాములొకటే, ఏదైనా ఒకటే.

కాదు. డెపకోట్‌లో డీఆర్ (ఆలస్యంగా విడుదలయ్యే) రకం నుంచి ఈఆర్ (నెమ్మదిగా, ఎక్కువసేపు విడుదలయ్యే) రకానికి మారితే అదే ఫలితానికి మోతాదు 8 నుంచి 20 శాతం పెంచాలి. ఇండియా మాత్రలు అయిపోయి ఇక్కడి మాత్రకు మారే విద్యార్థులు పాత డబ్బా, చీటీ రెండూ చూపించాలి.

అపోహ: లిథియం తగ్గుతోందిగా, ఇక రక్తపరీక్షలెందుకు?

చివరి మాత్ర దాకా అవసరమే. పరీక్షకు ముందటి డోసు వేసుకున్న 12 గంటలకు తీసిన రక్తమే సరైన లెక్క చెబుతుంది. అడ్విల్, అలీవ్ వంటి నొప్పి మాత్రలు, కొన్ని బీపీ మందులు, వాంతులు, విరేచనాలు, నీళ్లు కూడా ముట్టని ఏకాదశి ఉపవాసం లిథియాన్ని రక్తంలో పెంచేస్తాయి. చేతులు బాగా వణకడం, అడుగు తడబడటం, మాట ముద్దగా రావడం కనిపిస్తే తర్వాతి డోసు వేసుకోకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి. చనిపోవాలన్న ఆలోచనలు వస్తే అమెరికాలో ఎక్కడి నుంచైనా, ఏ వేళలోనైనా 988కు ఫోను చేయవచ్చు, మెసేజీ పెట్టవచ్చు.