బడి మైదానం తాళంచెవి ఎవరి చేతిలో ఉంది?

సాయంత్రం బడి గంట కొట్టగానే పిల్లలు ఇళ్ళకు పోతారు. అటెండరు గేటుకు తాళం వేస్తాడు. లోపల మైదానం మర్నాడు ఉదయం దాకా ఖాళీగా పడి ఉంటుంది. గోడకు ఇవతల అరుంధతీయవాడ పిల్లలు రోడ్డు మీద క్రికెట్ ఆడుతుంటారు. ఆటో వస్తే వికెట్లుగా పెట్టుకున్న రాళ్ళు పక్కకు జరుపుతారు, అది పోయాక మళ్ళీ సర్దుకుంటారు. నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో, ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల్లో పుట్టి పెరిగిన వాళ్ళకు ఇది రోజూ చూసేదే. అలవాటైపోయింది కాబట్టి ఇందులో ఒక అన్యాయం ఉందని ఎవరికీ తోచదు.

బడి మైదానాన్ని బడీ ఊరూ కలిసి ఎట్లా వాడుకోవాలి అనే ప్రశ్న చాలా దేశాల్లో ఉంది. అక్కడ దీన్ని ముఖ్యంగా పాలనా సమస్యగా చూస్తారు. వేళలు ఏవి, ఖర్చు ఎవరిది, మరమ్మతు ఎవరు చేయిస్తారు అని లెక్కలు వేస్తారు. మన దగ్గర ఆ లెక్కల కన్నా ముందు ఇంకో ప్రశ్న వస్తుంది. 'ఊరు' అంటే ఎవరు? ఊరికి మైదానం ఇచ్చారంటే వాడకు ఇచ్చినట్టేనా? ఈ రెండు ప్రశ్నలనూ కలిపి చూడాలి.

మైదానం ఎవరిది?

జిల్లా పరిషత్ హైస్కూలు మైదానం ఒకరి చేతిలో ఉంటుంది, మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల ఇంకొకరి చేతిలో. ఎస్సీ హాస్టలు సాంఘిక సంక్షేమ శాఖది. బయటి వీధులు, ఖాళీ స్థలాలు పంచాయతీవో మున్సిపాలిటీవో. నలుగురు యజమానులున్న చోట అడిగేవాడు నలుగురి చుట్టూ తిరగాలి. ఆ తిరిగే ఓపిక, తీరిక కూలికి పోయే తల్లిదండ్రులకు ఎక్కడివి?

1993లో అమల్లోకొచ్చిన 73, 74 రాజ్యాంగ సవరణలు స్థానిక సంస్థలు చేపట్టగల పనుల జాబితాలు ఇచ్చాయి. పట్టణాలకు సంబంధించిన 12వ షెడ్యూలులో 12వ అంశం పార్కులు, తోటలు, ఆటస్థలాలు. గ్రామాలకు సంబంధించిన 11వ షెడ్యూలులో 29 అంశాలున్నా ఆటస్థలం అనే మాట విడిగా లేదు. 17వ అంశంలో బడులున్నాయి, 29వ అంశంలో సామాజిక ఆస్తుల నిర్వహణ ఉంది. అంటే మున్సిపాలిటీ అయిన ఆత్మకూరులో ఆటస్థలం అడిగేవాళ్ళు రాజ్యాంగంలోని ఒక మాటను నేరుగా చూపించవచ్చు. పంచాయతీగా ఉన్న ఉదయగిరిలోనూ, చుట్టుపక్కల మండలాల ఊళ్ళలోనూ 'సామాజిక ఆస్తి' అనే మాట మీద నిలబడి వాదించాలి. ఈ జాబితాలు ఎవరినీ బలవంతం చెయ్యవు. ఏ అధికారం ఎంత ఇవ్వాలో రాష్ట్రమే నిర్ణయిస్తుంది. కాకపోతే అడిగేవాడికి అవి ఒక ఆధారం.

2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలి. అది ఎంత ఉండాలో ఆ షెడ్యూలు చెప్పలేదు. 2023లో హర్యానాలోని ఒక గ్రామానికి సంబంధించిన కేసులో, ఆటస్థలం లేని బడి అంటూ ఉండకూడదని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ బడికి అవసరమైన భూమిలో ఆక్రమణలను ఖాళీ చేయించమంది. ఇక మన రాష్ట్రంలో 2019 నవంబర్ 14న మొదలైన 'మన బడి నాడు-నేడు' సంగతి చూడండి. మరుగుదొడ్లు, తాగునీరు, బల్లలు, ఫ్యాన్లు, రంగులు, ప్రహరీ గోడ దాని జాబితాలో ఉన్నాయి. ఇవన్నీ కావాల్సినవే. మైదానాన్ని మాత్రం విడి అంశంగా ఆ జాబితాలో చేర్చలేదు. గోడకు పద్దు ఉంది, గోడ లోపలి నేలకు లేదు.

గోడ ఎందుకు వచ్చింది?

గోడ కట్టడమే తప్పని నేను అనను. బడి మైదానం ఖాళీగా కనపడితే చాలు, దాని మీద కన్నేసేవాళ్ళకు కొదవ లేదు. ప్రభుత్వం కూడా ఆ పని చేసింది. ఆంధ్రప్రదేశ్‌లో బడుల ఆవరణల్లో గ్రామ సచివాలయాలు, రైతు భరోసా కేంద్రాలు కట్టవద్దని 2020లో హైకోర్టు ఆదేశించింది. ఆదేశం అమలు కాలేదు. 2022 మార్చి 31న ఎనిమిది మంది ఐఏఎస్ అధికారులకు కోర్టు ధిక్కారం కింద శిక్ష ప్రకటించింది. వాళ్ళు క్షమాపణ చెప్పుకున్నాక జైలుకు బదులు, ఏడాదిపాటు నెలకోసారి సాంఘిక సంక్షేమ హాస్టళ్ళకు వెళ్ళి సేవ చెయ్యమంది. మన పిల్లలుండే హాస్టలుకు నెలకోసారి పోవడం పెద్ద అధికారికి శిక్ష అయిందంటే, మామూలు రోజుల్లో అక్కడికి ఎంతమంది పోతున్నారో ఆలోచించండి.

కాబట్టి గోడ బడిని కాపాడుతుంది. కానీ గోడకు గేటు ఉంటుంది, గేటుకు తాళం ఉంటుంది. అసలు రాజకీయం ఆ తాళంచెవిలో ఉంది.

నేను ఈ ప్రాంతంలోనే ఒక బడిలో చదివాను. గోడ లేనప్పుడు సాయంత్రం చెడుగుడు, బిళ్ళంగోడు అన్నీ అక్కడే. గోడ వచ్చాక ఆట రోడ్డెక్కింది. కొన్నాళ్ళకు ఊళ్ళోని పెద్ద కులం కుర్రాళ్ళు లోపల వాలీబాల్ ఆడటం మొదలుపెట్టారు. నెట్టు వాళ్ళదే, లైటు కూడా వాళ్ళే కట్టించుకున్నారు. మేము పోయి అడిగితే వచ్చిన జవాబు ఇది: "వాళ్ళు అడిగారు, ఇచ్చాం. మీరు ఎప్పుడన్నా అడిగారా?" నిజమే, మేము అడగలేదు. అడగాలని మాకు తెలియదు. మళ్ళీ పోయి అడిగాం. "ఎవరన్నా పెద్దమనిషిని తోడు తెచ్చుకోండ్రా" అన్నారు. మాకు ఏ పెద్దమనిషి ఉంటాడు? మా నాయన చేలో ఉన్నాడు. ఆయన పని చేసేది ఆ వాలీబాల్ ఆడే వాళ్ళ చేలోనే.

మా ఇంట్లో యూనివర్సిటీ గడప తొక్కింది నేనే మొదలు. అక్కడ మైదానం గేటు పక్కన ఒక బోర్డు చూశాను. ఏ వేళకు ఎవరు ఆడొచ్చో రాసి ఉంది. ఎవరినీ బతిమాలే పని లేదు. రాసి ఉన్న చోట పెద్దమనిషి అక్కర్లేదని ఆ రోజు తెలిసింది. ఈ వ్యాసంలో చెప్పదలుచుకున్నది కూడా అదే. నోటి మాట మీద నడిచే 'ఉమ్మడి' బలమున్నవాడికి సొంతం అవుతుంది. ఉమ్మడిని కాగితం మీద రాయించాలి.

పదిమందిదీ అంటే

ఈ పాఠం మనకు కొత్త కాదు. 1923లో బొంబాయి శాసనమండలి ఎస్.కె. బోలే ప్రవేశపెట్టిన తీర్మానాన్ని ఆమోదించింది. ప్రభుత్వ డబ్బుతో నడిచే బావులు, ధర్మశాలలు, బడులు, కోర్టులు, ఆస్పత్రులు అంటరానివాళ్ళకూ తెరవాలన్నది దాని సారాంశం. 1924లో మహద్ మున్సిపాలిటీ తన చౌదార్ చెరువును తెరుస్తూ తీర్మానం చేసింది. అయినా ఎవరూ నీళ్ళు ముట్టుకోనివ్వలేదు. 1927 మార్చి 20న అంబేద్కర్ వేలమందితో నడిచివెళ్ళి ఆ నీళ్ళు తాగారు. తీర్మానం ఒక్కటే చాలలేదు, నడవాల్సి వచ్చింది. ఆ నడకకు కాలుమోపే చోటు ఇచ్చింది మాత్రం ఆ తీర్మానమే. ఈ రెండో సంగతిని మనం తరచూ మరిచిపోతాం.

ఆటస్థలం సంగతికి వస్తే పల్వంకర్ బాలూ ఉన్నాడు. పూనాలో తెల్లవాళ్ళ క్రికెట్ మైదానాన్ని చదును చేసే పనివాడు ఆయన. తర్వాత హిందువుల జట్టుకు గొప్ప బౌలరయ్యాడు. 1911 ఇంగ్లండ్ పర్యటనలో వందకు పైగా వికెట్లు తీశాడు. మైదానంలో ఆయన విసిరిన బంతిని అందరూ ముట్టుకున్నారు. టీ విరామంలో ఆయనకు మాత్రం బయట, విడి మట్టి ముంతలో టీ పోశారు. ఆడనిచ్చినంత మాత్రాన సమానం చేసినట్టు కాదు. మైదానంతోపాటు కుళాయి, నీడ, కూచునే గట్టు కూడా లెక్కలోకి రావాలి.

కారంచేడులో 1985 జులై 17 నాటి హత్యాకాండకు దారితీసింది తాగునీటి చెరువు దగ్గర గొడవ. చుండూరులో 1991 ఆగస్టు 6 నాటి హత్యాకాండకు ముందు గొడవ మొదలైంది సినిమా హాల్లో, కాలు తగిలిందన్న సాకుతో. రెండూ పదిమందీ కలిసే చోట్లే. అట్లాంటి చోట మనవాళ్ళు మామూలు మనుషుల్లా కూచోవడమే కొందరికి తప్పుగా కనిపించింది.

చట్టం ఏం చెబుతుంది? ప్రభుత్వ నిధులతో పూర్తిగానో కొంతగానో నడిచే, జనం కలుసుకునే చోట్లలో కులాన్ని బట్టి అడ్డు పెట్టకూడదని రాజ్యాంగం 15(2) చెబుతుంది. 1955 పౌరహక్కుల రక్షణ చట్టం అంటరానితనం పేరుతో అట్లా అడ్డుకోవడాన్ని నేరం చేసింది. 1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం, ఇతరులకు వాడుకునే హక్కున్న చోటికి మనల్ని రానివ్వకపోవడాన్ని అత్యాచారంగా లెక్కగట్టింది. 2016లో అమల్లోకొచ్చిన సవరణ ఉమ్మడి ఆస్తి వనరులను ఇతరులతో సమానంగా వాడుకోవడాన్ని కూడా స్పష్టంగా పేర్కొంది. ఇక్కడ ఒక మెలిక గమనించాలి. బడి వేళ దాటాక మైదానాన్ని ఎవరికీ ఇవ్వకపోతే వివక్ష అని నిరూపించడం కష్టం. ఒకరికి ఇచ్చి ఇంకొకరికి కాదంటే అప్పుడు ఈ చట్టాలు పనికొస్తాయి.

అందుకే మనం గట్టిగా అడిగినప్పుడు "అయితే అందరికీ మూసేద్దాం" అనే జవాబు రావచ్చు. అమెరికాలో సరిగ్గా ఇట్లాగే జరిగింది. మిసిసిపీ రాష్ట్రం జాక్సన్ నగరంలో నల్లవాళ్ళను కలుపుకోవాల్సి వచ్చేసరికి పురపాలకులు తమ ఈతకొలనులు నడపడమే మానేశారు. 1971లో ఆ దేశ సుప్రీంకోర్టు, అందరికీ మూశారు కాబట్టి తప్పు లేదని 5–4 తేడాతో తేల్చింది. మూసివేత కూడా వివక్షకు ఒక రూపమే. ఎందుకంటే సొంత స్థలం, సొంత దొడ్డి, సొంత పొలం ఉన్నవాడి పిల్లలు ఎక్కడైనా ఆడుకుంటారు. రోడ్డున పడేది వాడ పిల్లలు, యానాది కాలనీ పిల్లలు.

తెరిచినచోట్ల ఎట్లా తెరిచారు?

అదే అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రం 1911లో చట్టం చేసి, బడి వేళలు దాటాక వినోద కార్యక్రమాలు నడిపే అధికారాన్ని పాఠశాల బోర్డులకే ఇచ్చింది. మిల్వాకీ నగరంలో ఆ ఏర్పాటు నేటికీ ఉంది. ఇంగ్లండులో కేంబ్రిడ్జ్‌షైర్ జిల్లాలో 1930లో తెరిచిన సాస్టన్ విలేజ్ కాలేజీ పగలు పిల్లలకు, సాయంత్రం పల్లెజనానికి అని ముందే అనుకుని కట్టింది. మన జాతీయ విద్యావిధానం 2020 కూడా బడి వేళలు కాని సమయంలో ఆవరణను సమాజం కోసం వాడవచ్చని రాసింది. రాసింది సరే, సమాజంలో ఎవరు ముందు అన్నది రాయలేదు.

మన జిల్లాకూ ఇందులో అనుభవం ఉంది. 1991 అక్షరాస్యతా ఉద్యమంలో పగలంతా కూలి చేసిన ఆడవాళ్ళు రాత్రిపూట పలక పట్టుకుని ఒకచోట కూచున్నారు. ఉదయగిరి నియోజకవర్గంలోనే ఉన్న కలిగిరి మండలం దూబగుంట నుంచి 1992లో లేచిన సారా వ్యతిరేక పోరాటం ఆ కూడికల్లోంచి వచ్చింది. 1993 అక్టోబర్ 1 నుంచి సారా నిషేధం సాధించుకుంది. పేదజనానికి సాయంత్రంపూట కలుసుకునే చోటు దొరికితే ఏమవుతుందో నెల్లూరు చూసింది.

2023 డిసెంబర్ 26న మొదలై 2024 ఫిబ్రవరిలో ముగిసిన 'ఆడుదాం ఆంధ్ర' పోటీలు మరో అనుభవం. ఊరూరా పిల్లలు ఆడారు, సంతోషం. పోటీలు అయిపోయిన మర్నాడు మళ్ళీ తాళమే అయితే లాభమేంటి? మనం అడిగేది పండగ ఆట కాదు, రోజూ ఆట.

ఏం రాయించాలి?

ఒప్పందం పెద్ద పత్రం కానక్కర్లేదు. బడి కమిటీ, స్థలానికి యజమాని అయిన పరిషత్తు, పంచాయతీ లేదా మున్సిపాలిటీ సంతకాలతో రెండు పేజీలు చాలు. అందులో ఇవి ఉండాలి.

ఒకటి, వేళలు. బడి నడిచేటప్పుడు మైదానం పూర్తిగా విద్యార్థులదే. తర్వాత ఇన్ని గంటల నుంచి ఇన్ని గంటల వరకు అని గేటు మీద రాయాలి.

రెండు, వంతులు. ఊరి జట్టుకు, వాడ జట్టుకు, కాలనీ పిల్లలకు, హాస్టలు పిల్లలకు రోజులు పంచాలి. ఆడపిల్లలకు విడిగా వేళ ఉండాలి. లేకపోతే వాడ మగపిల్లలు గెలిచిన మైదానంలో కూడా వాడ ఆడపిల్ల గోడ పక్కనే నిలబడుతుంది.

మూడు, తాళంచెవి. అది ఒక కుటుంబం చేతిలో ఉండకూడదు. జీతం తీసుకునే మనిషి దగ్గర ఉండాలి. రిజిస్టరు ఉండాలి.

నాలుగు, కుళాయి, మరుగుదొడ్డి, లైటు అందరికీ ఒకటే. నెట్టు దానం ఇచ్చినవాడికి మైదానం మీద హక్కు రాదు.

ఐదు, ఖర్చు. పగిలిన కుళాయి, సీసా పెంకులు, ఊడ్పు భారం హెడ్మాస్టరు మీద వేస్తే ఆయన తాళమే వేసుకుంటాడు. ఆయన భయాన్ని తప్పుపట్టలేం. ఆ ఖర్చు స్థానిక సంస్థ భరించాలి.

ఆరు, నిషేధాలు. పెళ్ళి పందిళ్ళు, పార్టీ సభలు, లారీలు, కొత్త కట్టడాలు కుదరవు.

దీనికి దారి ఉంది. విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం బడి కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, సగంమంది స్త్రీలు ఉండాలి. వెనకబడేయబడిన వర్గాల తల్లిదండ్రులకు వాళ్ళ పిల్లల నిష్పత్తిలో చోటుండాలి. చాలా ప్రభుత్వ బడుల్లో ఇప్పుడు మిగిలింది మన పిల్లలే. అంటే కమిటీలోనూ మనవాళ్ళే ఎక్కువ ఉండాలి. ముందుగా 2005 సమాచార హక్కు చట్టం కింద మైదానం సర్వే నంబరు, విస్తీర్ణం, సాయంత్రం ఎవరికి అనుమతి ఇచ్చారన్న వివరం రాతపూర్వకంగా అడగండి. తర్వాత కమిటీలో, గ్రామసభలో తీర్మానం పెట్టండి. చదువుకున్న కుర్రాళ్ళు ఒక సాయంత్రం కూచుంటే ఆ అర్జీ తయారవుతుంది. టీచర్లుగా ఉన్న మనవాళ్ళు దాన్ని కమిటీ ముందుకు తెస్తే సగం పని అయినట్టే.

మేము ఆ రోజు నోటితో అడిగాం, పెద్దమనిషి లేడని తిరిగొచ్చాం. ఇప్పుడు రోడ్డు మీద రాళ్ళు జరుపుతున్న పిల్లల తరఫున కాగితం పట్టుకుని పోదాం.