రాజహంస కాళ్ల కింద

గూడూరు నుంచి చెన్నై దారి పట్టి నాయుడుపేట, దొరవారిసత్రం దాటితే సూళ్లూరుపేట వస్తుంది. అక్కడ శ్రీహరికోట రోడ్డెక్కితే రెండు పక్కలా పులికాట్ సరస్సే. చలికాలం వచ్చిందంటే కళ్లూ కెమెరాలూ అన్నీ రాజహంసల మీదే. రాజహంస ధ్యాసంతా బురద మీద. కాళ్లతో అడుగు తొక్కుతుంది, ముక్కును తలకిందులుగా ముంచి నాలుకతో నీళ్లు లాగుతుంది, ముక్కు అంచుల్లోని జల్లెడలోంచి వదిలేస్తుంది. లోపల మిగిలిన పురుగులు, చిన్న నత్తలు, రొయ్య జాతి చిన్న జీవులే దాని భోజనం.

ఆ బురద చారెడు తీసి చూడండి. పైన గోధుమరంగులో పలచని పొర. ప్రాణవాయువు అంతవరకే. దాని కింద నలుపు, కుళ్లిన గుడ్డు వాసన. ఆ నలుపులోకి దిగిన సన్నటి బొరియ చుట్టూ మళ్లీ గోధుమరంగు కనిపిస్తుంది. లోపలున్న పురుగు ఊపిరి కోసం పైనీళ్లను కిందికి ఆడిస్తుంటుంది. దాని పుణ్యాన నేలకీ గాలి అందుతుంది.

ఇసుక అడుగైతే గాలి ఆడుతుంది, తిండి నిలవదు. అక్కడ నీటిలో తేలే నాచును వడగట్టుకు తినే ఆల్చిప్పలు బతుకుతాయి. సరస్సులో కలిసే కాళంగి లాంటి ఏరు తెచ్చే మెత్తటి ఒండ్రులో తిండికి లోటుండదు, గాలికే కరువు. అక్కడ బురద మింగే పురుగులదే రాజ్యం. అవి అడుగును కెలికి వదులు చేస్తే, నీరు కదిలినప్పుడల్లా బురద లేచి ఆల్చిప్పల జల్లెడలు పూడుకుపోతాయి. అమెరికాలోని బజర్డ్స్ బే అడుగును పరిశీలించిన రోడ్స్, యంగ్ అనే శాస్త్రవేత్తలు 1970లో ఈ సంగతే వివరించారు.

తిండి మితిమీరినా చేటే. రొయ్యల గుంటల మురుగులో మిగిలిన మేత, రెట్ట అడుక్కి చేరి కుళ్లుతూ ప్రాణవాయువును తినేస్తాయి. ముందు పెద్ద జీవులు పోతాయి, మొండి పురుగులే మిగులుతాయి, చివరికి అవీ ఉండవు. పులికాట్‌కు వెయ్యి మీటర్ల లోపల రొయ్యల సాగు పరిశ్రమ కూడదని 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఆ గీత నేటికీ చెరగకూడదు.

అన్నిటికన్నా పెద్ద దెబ్బ పూడిక. సరస్సును సముద్రంతో కలిపే రాయదొరువు, కొండూరుపాలెం ముఖద్వారాలు ఇసుకతో మూసుకుంటే ఎండాకాలంలో సరస్సు ఉప్పదనం సముద్రాన్ని మించిపోతుంది. చేప ఈదుకుంటూ తప్పుకోవచ్చు, అడుగున పాతుకున్న గుల్ల ఎక్కడికి పోతుంది? సముద్రం నుంచి కొత్త పిల్లలు కొట్టుకొచ్చే దారీ ఆ ముఖద్వారాలే. జాలర్ల వలలో పడే రొయ్యా, పీతా ఈ అడుగు తిండి మీదే పెరుగుతాయి.

ముఖద్వారాల్లో పూడిక తీయాలని జాలర్లు అడుగుతున్నది న్యాయమైన కోరిక. తీసే ముందూ, తీశాకా అడుగు బురదలో ఏ జీవులున్నాయో ప్రభుత్వం పరీక్ష చేయించాలి. ఏటా పక్షుల లెక్కతో పాటు ఆ లెక్కనూ తీర గ్రామాల వాళ్లకు తెలుగులో చెప్పాలి.