నా పేరున ఓ ఇల్లు

మాది గార్ల మండలంలో ఒక కోయగుంపు. 2016 దాకా ఖమ్మం జిల్లా, తర్వాత మహబూబాబాద్ జిల్లా. జిల్లా మారింది గానీ మా ఇల్లు మారలేదు. మట్టిగోడలు, వెదురు వాసాలు, పైన తాటాకు. ఇలాంటి ఇల్లు చూస్తే "ఎంత చల్లగా ఉంటుందో!" అంటారు పట్నం అక్కలు. చల్లగానే ఉంటుంది, కాదనను. కానీ పాతబడ్డ ఆకు మారుస్తూ ఉండాలి, వానలు వెలిశాక గోడలకు మట్టి మెత్తాలి, నేల పేడతో అలకాలి. మెత్తడం, అలకడం మా ఇంట్లో ఆడవాళ్ల పనే. మా అత్తమ్మ నలభై ఏళ్లు ఆ గోడల్ని కాపాడింది. అయినా "ఇల్లెవరిది?" అని అడిగితే మామ పేరే చెబుతుంది.

2024 ఆగస్టు 31 రాత్రి కురిసిన వాన గుర్తుందా? కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింద కట్టే కొట్టుకుపోయింది. ఇక మా మట్టిగోడ ఎంత? వంటింటి వైపు కూలింది. డబ్బాలో బియ్యం గిన్నెలోకి వంపి, అందులో పాప పుస్తకాలు పెట్టి మూత వేశా. స్లాబు ఇల్లు కావాలన్న పంతం ఆ రాత్రే పట్టుకుంది నాకు.

ఇందిరమ్మ ఇళ్ల పథకం ఆ ఏడాదే మార్చి 11న భద్రాచలంలో మొదలైంది. అయిదు లక్షలు, అదీ ఇంటి ఆడమనిషి పేరు మీద. జాబితాలో నా పేరు చదివినప్పుడు మా ఆయన తిరిగి నా వంక చూశాడు. ఆధార్ కార్డు మీద తప్ప నా పేరు ఎక్కడ చూశాడు గనుక!

అయితే సొమ్ము ముందే చేతికి రాదు. బేస్‌మెంట్ లేచి, ఫొటో తీసి ఎక్కించాకే మొదటి లక్ష. మిగతాది గోడలు, స్లాబు అంటూ విడతలవారీగా. అంటే పునాది మన డబ్బుతోనే తీయాలి. కూలికి పోతే గానీ పూట గడవని ఇంట్లో ఆ డబ్బు ఎక్కడిది? పథకం రాసినవాళ్లు ఇది ఆలోచించాల్సింది. వడ్డీకి ఇస్తానని ఒకాయన వచ్చాడు, నూటికి మూడు రూపాయలు. వద్దన్నా. సంఘంలో అప్పు తీసుకుని, మిరపకాయలు ఏరిన కూలి దాచింది కలిపా.

ఇంకొకాయనైతే రోడ్డు పక్క జాగా అడిగాడు. మా గుంపు ఏజెన్సీలోది. 1/70 చట్టం ప్రకారం ఇక్కడి భూమి గిరిజనేతరులు కొనడానికి లేదు. అక్షరం ముక్క రాని మా అత్తమ్మకు కూడా ఆ అంకె నోటికొచ్చు. గడపలోంచే "వన్ ఆఫ్ సెవెంటీ తెలవదా బిడ్డా?" అంది. ఆయన మళ్లీ రాలేదు.

బేస్‌మెంట్ లేచింది. ఆరు వందల చదరపు అడుగులు దాటకూడదట. అందుకే రోజూ వాదన. ఆయనకు నలుగురు కూర్చునే వసారా కావాలి. నాకు పాప తలుపు వేసుకుని చదువుకునే గది కావాలి. గది ఖాయం చేశా, వసారా తగ్గింది. అత్తమ్మ మాత్రం పెద్దలకు పెట్టుకునే మూల పాత ఇంట్లో ఎటు ఉందో కొత్త ఇంట్లోనూ అటే ఉండాలంటోంది. అటు మరుగుదొడ్డి వస్తుందని మేస్త్రీ అంటున్నాడు. రేపు పొద్దున్నే అత్తమ్మనే తీసుకెళ్లి ఆయన ముందు నిలబెడతా.