మిగిలిన మాత్రలు ఎక్కడికి పోతాయి?

మన బెళుగుప్ప మండలంలో ఏ ఇంట్లో చూసినా గూట్లోనో, మేకుకు తగిలించిన కవర్లోనో నాలుగు రకాల మందులు ఉంటాయి. అవ్వ బీపీ మాత్రలు, నాయన నడుంనొప్పి బిళ్ళలు, చెల్లెలికి జ్వరం తగ్గాక మిగిలిన సగం సీసా టానిక్కు, ఎప్పటిదో తెలియని ఆయింట్‌మెంటు. డబ్బు పెట్టి కొన్నవి గనుక పారేయడానికి మనసొప్పదు. మా ఇళ్ళలో ఆ కవరు విప్పి వాటి మీది ఇంగ్లీషు చదవగలిగింది హాస్టల్లో చదువుకున్న మేమే. కాబట్టి మిత్రులారా, ఈ పని మన మీదే పడుతుంది.

ముందుగా గడువు తేదీ చూడాలి. చాలా స్ట్రిప్పులకు అది ఒక చివరనే ఉంటుంది. మనవాళ్ళు ఆ చివర నుంచే కత్తిరిస్తారు, తేదీ పోతుంది. రెండో వైపు నుంచి కత్తిరించమని ఇంట్లో చెప్పండి. స్ట్రిప్పు వెనుక నిలువుగా ఎర్రగీత ఉంటే అది డాక్టరు చీటీ లేకుండా వాడకూడని మందు. ఈ గీత గురించి కేంద్ర ఆరోగ్యశాఖ 2016లో ప్రచారం కూడా చేసింది. యాంటీబయాటిక్స్ మీద ఈ గీత ఉంటుంది. అవి మిగిలాయంటే సాధారణంగా రెండు రోజులకే జ్వరం తగ్గిందని మానేశారన్నమాట. మిగిలినవి పక్కింటి పెద్దమ్మకు ఇవ్వడం మనకు సాయంగా కనిపిస్తుంది గానీ, అది సాయం కాదు.

మరి పారేస్తే? మన ఊళ్ళలో చెత్త దిబ్బకు పోతుంది. దిబ్బను కోళ్ళు కెలుకుతాయి, మేకలు మూతి పెడతాయి, విత్తనాలకు ముందు ఎరువుగా అదే చేనుకు పోతుంది. మందు మన కంటికి కనబడకుండా పోతుందే తప్ప దాని పని ఆగదు. రాబందుల సంగతి చూడండి. పశువులకు నొప్పికి వేసిన డైక్లోఫెనాక్, చచ్చిన పశువు మాంసంలో మిగిలి, దాన్ని తిన్న రాబందుల మూత్రపిండాలను పాడుచేసింది. దేశంలో మూడు జాతుల రాబందులు నూటికి 95కు పైగా నశించాయి. 2006లో ప్రభుత్వం పశువులకు ఆ మందును నిషేధించింది. హైదరాబాదు దగ్గర పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీల మురుగును శుద్ధిచేసే కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నట్టు స్వీడన్ శాస్త్రవేత్తలు 2007లో ప్రకటించారు. మందు వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు! ఫ్యాక్టరీ మురుగు వేరు, మన ఇంటి కవరు వేరు, నిజమే. కానీ చాలా తక్కువ వాన పడే జిల్లా మనది. వంకలో పారి పలచబడటానికి నీళ్ళెక్కడివి?

అందుకే మరుగుదొడ్డిలో పోయడం మంచిది కాదు. దీనికి ఒక మినహాయింపు ఉంది. 2025లో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ ట్రమడాల్, డయజిపామ్, మార్ఫిన్ వంటి 17 మందుల జాబితా ఇచ్చి, వాటిని మాత్రం నీళ్ళలో వదిలేయమంది. అవి ఇతరుల చేతిలో పడితే ప్రాణానికే ముప్పు. ఆ సంస్థే మందుల షాపుల సంఘాలతో కలిసి వాపసు కేంద్రాలు పెట్టాలని రాష్ట్రాలకు సూచించింది. కేరళ అదే ఏడాది కోళికోడ్‌లో ఇళ్ళ నుంచి పాత మందులు సేకరించడం మొదలుపెట్టింది. అలాంటిది మన మండలానికీ కావాలని గ్రామసభలో అడగడం తప్పేమీ కాదు.

అంతవరకు ఇలా చేయవచ్చు. పాత మందులను మొదట ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఫార్మసిస్టుకు చూపించి తీసుకుంటారేమో అడగండి. ఆసుపత్రుల్లో గడువు తీరిన మందులకు పసుపు సంచి ఉంటుంది, అది కాల్చే కేంద్రానికి పోతుంది. తీసుకోకపోతే మాత్రలను స్ట్రిప్పు నుంచి తీసి, పొడి చేయకుండా, మట్టి, బూడిద, పేడ కలిపి మూతగల ప్లాస్టిక్ సీసాలో బిగించి పంచాయతీ చెత్తబండికి ఇవ్వండి. దిబ్బ మీద వేయవద్దు, పొయ్యిలో అసలే వద్దు. ఆస్తమా స్ప్రే డబ్బాలు మంటలో పేలుతాయి. ఇన్సులిన్ సూదులు గట్టి డబ్బాలో వేసి ఆసుపత్రిలోనే ఇవ్వాలి. మిగిలిన టీబీ మాత్రలు ఆశా కార్యకర్తకు తిరిగివ్వాలి.

వాడుతున్న మందులు కూడా పిల్లలకు అందని ఎత్తులో, తాళం వేసిన పెట్టెలో ఉండాలి. పంట పోయి, అప్పు మీదపడి మనసు విరిగిన మనిషి ఉన్న ఇంట్లో అయితే మాత్రల మూట ఒక్క రాత్రి కూడా గూట్లో ఉంచవద్దు. తాళంచెవి మీ దగ్గరే పెట్టుకోండి.