వద్దనగలిగితేనే పరీక్ష

అరకు చుట్టుపక్కల కోందు గూడేల్లో పుట్టిన పిల్ల అమ్మతో కువి మాట్లాడుతుంది. సంతకు వెళ్తే ఆదివాసీ ఒడియా, బడికి వెళ్తే తెలుగు. ఆశ్రమ పాఠశాలలో ఆ పిల్లకు తెలుగులో తెలివితేటల పరీక్ష పెట్టి, మార్కులు తక్కువొచ్చాయని రాసుకుంటే మనం కొలిచింది తెలివినా, తెలుగునా?

మనస్తత్వ శాస్త్రం ఈ ప్రశ్న దగ్గర చాలాకాలం తడబడింది. 1923లో వేల్స్‌లో డి.జె. సేర్ రెండు భాషల పల్లె పిల్లలు ఒకే భాష వచ్చినవాళ్లకంటే వెనకబడ్డారని రాశాడు. పట్నాల్లో మాత్రం ఆ తేడా కనబడలేదు. అంటే తేడా భాషదే అనడానికి లేదు. ఇంటి పరిస్థితులు, చదువు, డబ్బు, అన్నీ కలిసిపోయి ఉన్నాయి. పోల్చే రెండు గుంపులు మిగతా అన్నింటిలోనూ సమానంగా ఉంటేనే తేడాకు కారణం భాష అని చెప్పగలం. అలాగని కొందరు పిల్లలకు రెండో భాష అందకుండా పెంచి ప్రయోగం చెయ్యలేం, చెయ్యకూడదు.

అలాంటి పోలిక తూర్పు కనుమల్లోనే దొరికింది. ఒడిశాలోని ఫుల్బాణీ ప్రాంతంలో కొన్ని ఊళ్ల కోందులు సొంత భాష కుయి (కువికి సోదర భాష) వదిలేసి ఒడియాకే మారిపోయారు. మరికొన్ని ఊళ్లలో కుయి, ఒడియా రెండూ నిలిచాయి. తెగ ఒకటే, బతుకుతెరువు ఒకటే, భాష దగ్గరే తేడా. మనస్తత్వ శాస్త్రవేత్త అజిత్ మొహంతి తన సహచరులతో కలిసి ఈ రెండు రకాల ఊళ్ల పిల్లలకు ఆలోచనాశక్తి పరీక్షలు పెట్టారు, భాష గురించే ఆలోచించే నేర్పునూ పరీక్షించారు. రెండు భాషల పిల్లలే ముందున్నారు. 1980ల నుంచి వెలువడిన ఈ ఫలితాలు నాకు ఎంతో విలువైనవి. కొండ పిల్లలకు ఇంటి భాష అడ్డంకి అని చెప్పే ప్రతివాళ్లూ వీటిని చదవాలి. లోపం లేదనను. ఏ ఊరు ఏ భాషలో ఉండాలో చీటీలు తీసి నిర్ణయించలేదు కదా, కనబడని తేడా ఇంకేదైనా మిగిలి ఉండొచ్చు. అయినా పిల్లల బతుకు చెడగొట్టకుండా ఇంతకంటే శుభ్రమైన పోలిక దొరకడం కష్టం.



ఇక పిల్లల మీద అధ్యయనం చేసేముందు తీసుకోవాల్సిన అనుమతి సంగతి. మనకు దగ్గరి ఉదాహరణ వైద్యరంగానిది. 2009లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లా భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే హెచ్‌పీవీ టీకా వేసే అధ్యయనం జరిగింది. పాత్ అనే అంతర్జాతీయ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), రాష్ట్ర ప్రభుత్వం కలిసి నడిపాయి. పిల్లల్లో చాలామంది హాస్టళ్లలో చదివే గిరిజన బాలికలు. కొన్ని మరణాల తర్వాత 2010 ఏప్రిల్‌లో కేంద్రం దాన్ని ఆపించింది. ఆ మరణాలకు టీకాతో సంబంధం కనబడలేదని విచారణ సంఘం చెప్పింది. కానీ 2013 ఆగస్టులో పార్లమెంటరీ స్థాయీ సంఘం నివేదిక అంగీకార పత్రాల లెక్క బయటపెట్టింది. రాష్ట్రంలో పరిశీలించిన 9,543 పత్రాల్లో 1,948 వేలిముద్రలవి. 2,763 పత్రాల మీద సంతకం పెట్టింది హాస్టల్ వార్డెన్లు.

వార్డెన్ సంతకం తల్లిదండ్రుల మాట కాదు. పైగా అన్నం పెట్టించేదీ, పండక్కి ఇంటికి పంపేదీ ఆ వార్డెనే. ఆ మనిషి ఎదుట ‘నాకొద్దు’ అనడం ఏ పిల్లకైనా సాధ్యమా? మనస్తత్వ పరీక్షలో ఇది ఇంకా పెద్ద చిక్కు. భయంతో కూర్చున్న పిల్ల త్వరగా ముగించాలని తోచింది చెబుతుంది. అప్పుడు పిల్లకు జరిగిన అన్యాయమే లెక్కల్లో తప్పుగా కూడా తేలుతుంది.

ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం 7 నుంచి 12 ఏళ్ల పిల్లల నోటిమాట సమ్మతి, ఆపై 18 వరకు రాతపూర్వక సమ్మతి తల్లిదండ్రుల అనుమతితోపాటు తీసుకోవాలి. గిరిజన ప్రాంతంలోకి వెళ్లేముందు అధికారుల ఆమోదం కావాలి, అక్కడివాళ్లు నమ్మేవాళ్ల సాయం వీలైనచోట తీసుకోవాలి. నేనైతే ఇంకొకటి అడుగుతాను. ఏం జరగబోతోందో పిల్లే తన భాషలో తిరిగి చెప్పాలి, ఆ సమయంలో వార్డెన్ గదిలో ఉండకూడదు. ఎంతమంది వద్దన్నారో పరిశోధన వ్యాసంలో అచ్చవ్వాలి. హాస్టల్లో నూటికి నూరుమందీ ఒప్పుకున్నారని రాసి ఉంటే, ఆ పిల్లల్ని ఎవరు, ఏ భాషలో అడిగారన్న వివరాలే ముందు వెతుకుతాను.