ఆపిల్, వాక్కాయల సాస్: చక్కెర తగ్గితే నిల్వకు ఆధారమేమి?

ఆగస్టు మాసంలో తార్నాక కూడలి నుంచి లాలాగూడ వైపు సాగే దారిలోని తోపుడుబండ్లపై రెండు ఫలాలు కలుస్తాయి. ఒకటి సుమారు 2,000 కిలోమీటర్లు లారీలో ప్రయాణించి వచ్చిన హిమాచల్ ఆపిల్. రెండవది మన మెట్ట పొలాల కంచెల నుంచి గంపలకెక్కిన వాక్కాయ. ప్రయాణంలో ఒత్తిడికి గురైన ఆపిళ్లను వ్యాపారులు తక్కువ ధరకు వదిలించుకుంటారు. వాక్కాయ పప్పులోకో, పచ్చడిలోకో కొంత పోగా మిగిలినది వాడిపోతుంది. ఈ రెండింటినీ కలిపి సాస్ చేయడం గృహిణులకు, స్వయం సహాయక సంఘాలకు సులువుగా నేర్పదగిన పని. అయితే దానిని నేర్పే విధానంలో ఒక లోపం తరచుగా కనిపిస్తున్నది.

శిక్షణ కరపత్రాలలో ఉండేది సాధారణంగా జామ్ విధానం. మన దేశ ఆహార ప్రమాణాల ప్రకారం జామ్‌లో కరిగే ఘనపదార్థాలు 65 శాతానికి తగ్గరాదు. అంత గాఢతలో శిలీంధ్రాలకు, ఈస్ట్‌లకు అందుబాటులో ఉండే నీరు చాలా తక్కువ. కనుక చక్కెర అక్కడ రుచికి మాత్రమే కాదు, నిల్వకు కూడా కారణం. తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార మార్గదర్శకాలు చక్కెర తగ్గించుకోవాలని సూచించాయి. ప్రజలూ ఆ మాటను ఆలకిస్తున్నారు. ఫలితంగా జామ్ విధానాన్నే అనుసరిస్తూ చక్కెరను సగానికి, పావుకు తగ్గించి, సీసాను మాత్రం పూర్వం వలెనే అలమారలో ఉంచుతున్నారు. అది జామ్ కాదు, సాస్. దాని నిల్వ సూత్రం వేరు.

సాస్‌ను కాపాడేవి ఆమ్లత, ఉష్ణం, ఆరోగ్యకరమైన పండు. పీహెచ్ 4.6కు దిగువన క్లాస్ట్రీడియం బొటులినమ్ పెరగలేదు. ఆపిల్ సాధారణంగా ఆ హద్దుకు లోపలే ఉంటుంది. కాని రెడ్ డెలీషియస్ వంటి తీపి రకాలు బాగా మాగినప్పుడు 4.0 దరిదాపులకు చేరతాయి. పుల్లదనం తగ్గిన అటువంటి పండుకు ఆమ్లాన్ని అందించేది కావాలి. సాస్‌కు పీహెచ్ 3.5 లేదా అంతకు తక్కువ ఉండేలా చూసుకోవడం ఉత్తమం.

ఇక్కడే వాక్కాయ విలువ తెలుస్తుంది. పాశ్చాత్య వంటిళ్లలో ఆపిల్ గుజ్జుకు క్రాన్‌బెర్రీ వంటి పుల్లని పండ్లను జోడిస్తారు. మనకు లంబసింగి ప్రాంతపు స్ట్రాబెర్రీ ఉన్నా, దానిలో పెక్టిన్ స్వల్పం, ధర అధికం. పైగా వృక్షశాస్త్ర దృష్టితో స్ట్రాబెర్రీ అసలు బెర్రీయే కాదు. వాక్కాయ నిజమైన బెర్రీ. ఆమ్లం, పెక్టిన్, ఎరుపు రంగునిచ్చే ఆంథోసయనిన్లు మూడూ దానిలో ఉన్నాయి. చక్కెర పాకంలో ఊరి, రంగు పూసుకొని బేకరీ కేకులపై ‘చెర్రీ’గా చెలామణి అయ్యేది చాలా సందర్భాలలో ఇదే. సొంత పేరుతో అమ్ముడుపోని పండు మారుపేరుతో గౌరవం పొందడం కొంత విచారకరమే.

ఆపిల్ ఎంపిక విషయంలో విస్తరణ శాస్త్రవేత్తలు మాట జాగ్రత్తగా వాడాలి. “పాడైన పండ్లతో సాస్ చేసుకోండి” అనడం ప్రమాదకరం. ఒత్తిడి వల్ల తొక్క చెదరకుండా లోపల గోధుమ రంగుకు మారిన పండు వేరు, కుళ్లిన పండు వేరు. ఆపిల్‌ను కుళ్లజేసే పెనిసీలియం ఎక్స్‌పాన్సమ్ అనే శిలీంధ్రం పాట్యులిన్ అనే విషపదార్థాన్ని ఉత్పత్తి చేస్తుంది. సాధారణ వంట వేడికి అది పూర్తిగా నశించదు. కుళ్లిన మచ్చ అంచును దాటి పక్క కండలోకి కూడా వ్యాపించగలదు. ఆపిల్ రసంలో దీని గరిష్ఠ పరిమితిని కోడెక్స్ కిలోకు 50 మైక్రోగ్రాములుగా నిర్ణయించింది. వంటింట్లో దానిని కొలిచే సాధనమేదీ లేదు కనుక బూజు పట్టిన, ముక్క వాసన గల, గింజల గది నల్లబడిన పండును కోసి బాగుచేయడం కంటే పారవేయడమే మేలు.

కిలో ఆపిళ్లకు 250 గ్రాముల వాక్కాయలు, 200 గ్రాముల చక్కెర, 150 మిల్లీలీటర్ల నీరు సరిపోతాయి. వాక్కాయలను నీటిలోనే రెండుగా కోసి, పాలు పోయేవరకు కడిగి, గింజలు తీసివేయాలి. మొదట వీటిని నీటితో ఉడికించి, ఆ పుల్లని రసంలోకే ఆపిల్ ముక్కలను కోసినవి కోసినట్లు వేయాలి. కోసిన ఆపిల్‌ను నల్లబరిచే ఎంజైమ్ ఆమ్లంలో మందగిస్తుంది, వేడికి నిష్క్రియమవుతుంది. తొక్కలోనూ గింజల గదిలోనూ పెక్టిన్ ఎక్కువ కనుక వాటితోనే ఉడికించి తరువాత జల్లెడ పట్టాలి. మిక్సీలో వేస్తే మాత్రం గింజలు ముందుగానే తీయాలి. నలిగిన ఆపిల్ గింజల నుంచి సయనైడ్ విడుదలవుతుంది. చక్కెరను జల్లెడ పట్టిన గుజ్జుకే కలిపి, అడుగంటకుండా పది నిమిషాలు మరిగించాలి. పాత్ర స్టెయిన్‌లెస్ స్టీలుదై ఉండాలి. అల్యూమినియం, కళాయి లేని ఇత్తడి ఈ పులుపుకు తగవు.

పీహెచ్ కాగితంపై వాక్కాయ ఎరుపు అంటుకొని రంగు పోల్చడం కష్టమవుతుంది. కృషి విజ్ఞాన కేంద్రాలలోని పీహెచ్ మీటరు నయం. అయితే మట్టి నమూనాలలో ముంచిన ఎలక్ట్రోడును ఆహారానికి వాడరాదు. దీనికి వేరొకటి కేటాయించాలి. పీహెచ్ 3.5కు పైన ఉంటే నిమ్మరసంతో సవరించవచ్చు.

తయారైన సాస్‌ను శుభ్రమైన సీసాలో పోసి రిఫ్రిజిరేటర్‌లో ఉంచితే పది రోజులలో వాడుకోవాలి. బయట నిల్వకు వేడి సాస్‌ను వేడి సీసాలలో పోసి, కొత్త మూతలు బిగించి, మరిగే నీటిలో పూర్తిగా ముంచి ఉంచాలి. ఆపిల్ సాస్‌కు అమెరికా వ్యవసాయ శాఖ అర లీటరు పరిమాణపు సీసాలకు సూచించిన కాలం 305 మీటర్ల ఎత్తు వరకు 15 నిమిషాలు, ఆపైన 20 నిమిషాలు. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున ఉంది. ఇక్కడ నీరు సుమారు 98 డిగ్రీల సెల్సియస్ వద్దనే మరుగుతుంది కనుక 20 నిమిషాలే ప్రమాణం. విశాఖ తీరంలో రాసిన కరపత్రాన్ని ఇక్కడ యథాతథంగా పంచరాదు. మూత తెరిచిన సీసా ఎలాగూ రిఫ్రిజిరేటర్‌లోకే వెళ్లాలి. 30 శాతం దరిదాపుల్లో ఉన్న ఘనపదార్థాలు బూజును అడ్డుకోలేవు.

సేద్య విజ్ఞాన దృష్టితో వాక్కాయను కంచె మొక్కగా మాత్రమే లెక్కించడం నాకు సమ్మతం కాదు. ముళ్లతో పశువులను అడ్డుకుంటూ, తేలిక నేలల్లో, వర్షాధారంగా కాపునిచ్చే మొక్కలు మనకు ఎన్నో లేవు. పంత్‌నగర్ విశ్వవిద్యాలయం పంత్ మనోహర్, పంత్ సుదర్శన్, పంత్ సువర్ణ అనే రకాలను ఎంపిక చేసింది. కంచె వేసే రైతుకు కోత దశ గురించి కూడా చెప్పాలి. తాజాగా తినడానికైతే ముదురు ఊదా రంగుకు మాగిన పండు, సాస్‌కైతే గులాబీ ఛాయ తిరిగిన గట్టి కాయ. మాగేకొద్దీ పులుపు, పెక్టిన్ తగ్గుతాయి కనుక ఒకే పొద నుంచి విడతలుగా కోయవలసి ఉంటుంది. ముళ్ల మధ్య ఆ కోతకయ్యే కూలి ఖర్చును శిక్షణలో దాచకుండా చెప్పడం అవసరం.