పెట్టెలో మిగిలిన కాగితం

మన సినిమాల్లో పబ్లిక్ ప్రాసిక్యూటరు పని ఒక్కటే: నల్లకోటు సవరించుకుని, "యువరానర్!" అని గర్జించి, కథానాయకుణ్ణి జైలుకు పంపడం. నిజానికి ఆయన పోలీసుల వకీలు కాడు. దోషికి శిక్ష పడాలని ఎంత పట్టుదలో, నిర్దోషికి పడకూడదనీ ఆయనకు అంత పట్టుదల ఉండాలి.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. మా రుషికొండ నుంచి భీమిలి వెళ్ళే రోడ్డుమీద, చీకటిపడ్డాక, ఎవడో ఒకావిడ మెడలో గొలుసు తెంపుకుపోయాడు. పోలీసులు ముగ్గుర్ని విచారించారు. ఇద్దరు "ఈ కుర్రాడే" నన్నారు. వల సర్దుకుంటున్న మూడో ఆయన మాత్రం, "ఇతను కాదు బాబూ, వాడు బాగా పొడగరి" అన్నాడు. ఛార్జిషీటులో మొదటి ఇద్దరే సాక్షులు; మూడో ఆయన వాఙ్మూలం స్టేషను పెట్టెలో మిగిలిపోయింది. అలాంటి కాగితం ఒకటున్నదని ఆ కుర్రాడికి తెలిసేదెట్లా?

1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 207వ సెక్షను ముద్దాయికి నకళ్ళు ఉచితంగా ఇవ్వమన్నది. అయితే అవి ప్రాసిక్యూషన్ పిలవదలచిన సాక్షుల వాఙ్మూలాలు, తాను ఆధారపడిన పత్రాలు మాత్రమే. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 230వ సెక్షను 14 రోజుల గడువు పెట్టిందిగాని, ఈ లోటు పూడ్చలేదు.

పూడ్చినది సుప్రీం కోర్టు. ముద్దాయికి అనుకూలమైన సాక్ష్యం దాచరాదని అమెరికా సుప్రీం కోర్టు 1963లోనే బ్రేడీ కేసులో చెప్పింది. మన సుప్రీం కోర్టు తనంతట తానే ఒక వ్యవహారం చేపట్టి, ఆంధ్రప్రదేశ్ మొదలైన రాష్ట్రాల వాదనలు విని, 2021 ఏప్రిల్ 20న తీర్పు చెప్పింది: పోలీసులు సేకరించి, పక్కన పెట్టిన వాఙ్మూలాల, పత్రాల, వస్తువుల జాబితా కూడా ముద్దాయికి అందాలి. "మా రాష్ట్రంలో ఇంకా రూల్సు రాసుకోలేదు" అనడం సాకు కాదని 2022లో పొన్నుస్వామి కేసులో స్పష్టమైంది.

ఒకటి గుర్తుంచుకోవాలి. వచ్చేది జాబితాయే, కాగితం కాదు. అందులో పనికొచ్చేది చూసి, తెప్పించమని కోర్టును అడగవలసింది ముద్దాయి వకీలే.

"నేరస్థులకు ఇన్ని సదుపాయాలా?" అని మీలో కొందరికి తోచవచ్చు. విజయవాడ హాస్టలు విద్యార్థిని హత్య కేసులో 2010లో శిక్షపడిన యువకుణ్ణి 2017లో హైకోర్టు నిర్దోషిగా విడిచిపెట్టింది. అప్పటికి అతడు ఎనిమిదేళ్ళకు పైగా జైల్లో ఉన్నాడు. శిక్ష తప్పుడు మనిషికి పడితే ఏడ్చే ఇళ్ళు రెండు: అతనిదీ, అన్యాయమైపోయిన ఆ పిల్లదీ.